కారులో లొడలొడలు, హోరు తగ్గించుకోవడం: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

మధురవాడ నుంచి గాజువాకకు రోజూ కారులోనే వెళ్లొస్తాను. మా అమ్మకు చెవి కాస్త మందం. వెనక సీట్లో కూర్చుని ఆవిడ ఏదో అడిగేది, రోడ్డు హోరులో నాకు వినపడేది కాదు. నేను గొంతు పెంచి చెప్పినా ఆవిడకు సగమే అందేది. కొన్నాళ్లకు కారెక్కితే మాట్లాడడమే మానేసింది. అప్పుడు పట్టుకున్నాను ఈ పని. చాలా ఆదివారాలు పట్టింది, తప్పులూ చేశాను. ఆ తర్వాత మా అపార్ట్‌మెంట్‌లోవాళ్లు, ఆఫీసువాళ్లు తమ కార్లు చూపించి అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి.

మా కారులో ఒకటే చప్పుడు. డ్యాంపింగ్ షీట్లు (రేకు అదరకుండా లోపల అంటించే రబ్బరు షీట్లు) వేయిస్తే పోతుందా?

ఏ చప్పుడన్నది ముందు తేలాలి. లొడలొడ వేరు, కిర్రు వేరు, హోరు వేరు. లొడలొడ అంటే ఏదో వదులై కొట్టుకుంటోంది: స్టెప్నీ, జాకీ, నంబర్ ప్లేటు, డోరులో వైరు. కిర్రుమంటోందంటే రెండు ప్లాస్టిక్ ముక్కలో, రబ్బరూ రేకూనో రాసుకుంటున్నాయి. హోరు టైర్ల నుంచి, గాలి నుంచి, ఇంజిన్ నుంచి పుట్టి లోపలికి చేరుతుంది. షీటు పనికొచ్చేది ఈ మూడోదానికి, అందులోనూ రేకు అదరడం వల్ల వచ్చే భాగానికి. వదులైన బోల్టు పక్కన ఎంత ఖరీదైన షీటు అంటించినా ఆ బోల్టు మోగుతూనే ఉంటుంది.

నన్ను అడిగేవాళ్లు చాలామంది షీట్లు కొనడానికి సిద్ధమైపోయి వస్తారు. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: చప్పుడు పుట్టే చోటు దొరికేదాకా రూపాయి కూడా ఖర్చుపెట్టకండి.

ఎక్కడి నుంచి వస్తోందో ఎలా కనిపెట్టాలి?

ముందు కారంతా ఖాళీ చేయండి. డిక్కీ, గ్లవ్ బాక్స్, డోర్ పాకెట్లు, సీట్ల కింద చూసి చిల్లర, సీసాలు, గొడుగు, పిల్లల బొమ్మలు అన్నీ తీసేయండి. స్టెప్నీ బిగించి ఉందా, జాకీ దాని గూట్లోనే ఉందా చూడండి. ఇంతమాత్రానికే పోయిన చప్పుళ్లు చాలా ఉన్నాయి.

తర్వాత ఒకరు నడపాలి, ఇంకొకరు వెనక కూర్చుని వినాలి. ఏసీ, పాటలు ఆపేసి అద్దాలు ఎత్తేయండి. నడిపే మనిషే వెతకడం ప్రమాదం. పైగా డ్రైవర్ సీట్లోంచి దిక్కు కూడా తప్పుగా తోస్తుంది. ఆదివారం తెల్లవారుజామున తెలుగుతల్లి ఫ్లైఓవర్ ఎక్కండి. అతుకులు ఒకదాని తర్వాత ఒకటి తగులుతుంటే అదే దెబ్బ మళ్లీ మళ్లీ పడుతుంది, చప్పుడు కూడా అదే చోటు నుంచి మళ్లీ మళ్లీ పలుకుతుంది.

మా కారులో కుడివైపు వెనక నుంచి సన్నగా టిక్‌టిక్‌మనేది. డోరు లోపలే అనుకుని రెండు ఆదివారాలు డోర్ ప్యాడ్, అంటే డోరుకు లోపలివైపు ఉండే ప్లాస్టిక్ పలక, విప్పి బిగించాను. మూడో ఆదివారం మా తమ్ముడు నడుపుతుంటే నేను వెనక కూర్చున్నాను. ఒక్కోదాని మీద అరచెయ్యి ఆనిస్తూ పోయాను. డోర్ ప్యాడ్ నొక్కినా ఆగలేదు, అద్దం అంచు పట్టుకున్నా ఆగలేదు. సీటు బెల్టు లోహపు నాలుకను పట్టుకోగానే ఆగిపోయింది. వదిలితే మళ్లీ మొదలైంది. ఆ సీట్లో ఎవరూ కూర్చోరు కాబట్టి బెల్టు వేలాడుతూ, ఆ నాలుక పక్కనున్న ప్లాస్టిక్ పిల్లర్‌ను కొడుతోంది. అది తగిలే చోట వేలెడంత ఫెల్ట్ టేపు అంటించాను. అంతటితో పోయింది.

అందుకే అరచెయ్యి ఆనించి చూడమని అందరికీ చెబుతాను. చెవి మోసపోతుంది. చెయ్యి పెట్టగానే ఆగిందంటే మాత్రం అదే చోటు.

డ్యాష్‌బోర్డులోంచి కిర్రుకిర్రుమంటోంది. ఏం చేయాలి?

మొదట డ్యాష్‌బోర్డు మీద మీరు పెట్టినవి తీసి చూడండి. వినాయకుడి విగ్రహం, ఫోన్ హోల్డర్, సెంటు సీసా ఇవన్నీ గతుకుల్లో సన్నగా వణుకుతాయి. విగ్రహం కింద పలుచని ఫెల్ట్ ముక్క పెడితే చాలు.

అప్పటికీ వస్తుంటే ప్లాస్టిక్ ముక్కలు రాసుకుంటున్నట్టే. ఒక్కో ప్యానెల్‌ను బొటనవేలితో నొక్కుతూ వెళ్లండి, నొక్కగానే ఏది ఊరుకుంటే అది. ఆ ముక్క తీసి, రెండూ కలిసే అంచున ఫెల్ట్ టేపు వేయండి. కంపెనీలో వైర్లకు చుట్టే నల్లటి మెత్తని బట్ట టేపు అదే. మామూలు ఇన్సులేషన్ టేపు వాడొద్దు, ఎండకు జిగురు కారి ఇంకా కిర్రుమంటుంది. కొబ్బరినూనె, గ్రీజు పూయడం కూడా వద్దు. దుమ్ము పట్టి, నెల తిరిగేసరికి రెట్టింపవుతుంది. డోర్ల చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ కిర్రుమంటే దాన్ని తడిబట్టతో తుడిచి, ఆరాక సిలికాన్ గ్రీజు పలుచగా రాయండి.

కొన్ని కార్లలో ఈ చప్పుడు పొద్దున వచ్చి మధ్యాహ్నానికి మాయమవుతుంది, కొన్నింట్లో ఎండలో నిలబెట్టాకే వస్తుంది. వేడికి ప్లాస్టిక్ వ్యాకోచిస్తుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. ఏ వేళకు వస్తోందో ఆ వేళకే వెతకాలి.

గతుకుల్లో కింద నుంచి టకటకమంటోంది.

ఇది షీట్ల పని కాదు, మెకానిక్ పని. చక్రాల దగ్గర సస్పెన్షన్‌లో ఉండే లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, స్ట్రట్ మౌంట్లు అరిగితే ఇలాగే వస్తుంది. వాయిదా వేయకండి, ఇది చెవికి సంబంధించిన ఇబ్బంది మాత్రమే కాదు. ఇంజిన్ స్టార్ట్ చేసి నిలబెట్టినప్పుడు రేకు గలగలలాడితే మాత్రం సైలెన్సర్ మీద వేడిని ఆపడానికి ఉండే రేకు, హీట్ షీల్డ్, కావచ్చు. దాని బోల్టు తుప్పు పట్టి ఊడుతుంది, పెద్ద హోస్ క్లిప్ వేసి బిగిస్తే ఆగుతుంది.

60 దాటగానే హోరు మొదలవుతోంది. టైర్లా, బేరింగా?

మొదట గాలి కొలిపించండి. ఎంత ఉండాలో డ్రైవర్ డోరు తెరిస్తే పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది. తర్వాత టైరు మీద చెయ్యి ముందుకూ వెనక్కూ రాయండి. ఒకవైపు నునుపుగా, ఇంకోవైపు రంపంలా తగిలితే అరుగుదల సమంగా లేదు, హోరు దాని నుంచే. వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. అయితే అప్పటికే రంపంలా అరిగిన టైరు శబ్దం మానదు. టైరు వయసు కూడా చూసుకోండి. పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని. రబ్బరు గట్టిపడే కొద్దీ మోత పెరుగుతుంది.

బేరింగ్ అయితే గుయ్యిమని ఒకే స్వరంలో వస్తుంది, మలుపులో మారుతుంది. కారును మెల్లగా ఎడమకు తిప్పినప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు పెరిగి, కుడికి తిప్పినప్పుడు తగ్గితే కుడివైపు బేరింగ్ మీద అనుమానం. పాడైన బేరింగ్‌తో అనంతగిరి ఘాట్ ఎక్కకండి.

ఇక 80 దాటాక వచ్చేది చాలావరకు గాలి చప్పుడు. అది డోర్ బీడింగ్ దగ్గర, సైడ్ అద్దాల దగ్గర పుడుతుంది. డోరు మూసేటప్పుడు సన్నని కాగితం ముక్క మధ్యలో పెట్టి లాగి చూడండి. సులువుగా జారి వచ్చిన చోట బీడింగ్ నలిగిపోయినట్టు.

ఈ డ్యాంపింగ్ షీటు అసలు ఎలా పనిచేస్తుంది? రేకంతా కప్పాలా?

డోరు బయటి రేకు మీద వేలి కణుపుతో కొట్టండి, డబ్బాలా ఖంగుమంటుంది. అది డప్పు తోలు లాంటిది, తగిలిన దెబ్బకు కాసేపు ఊగుతూనే ఉంటుంది. షీటులో జిగురుగా సాగే బ్యూటైల్ రబ్బరు, దాని పైన అల్యూమినియం రేకు ఉంటాయి. కారు రేకు వంగినప్పుడల్లా మధ్యలోని రబ్బరు పక్కకు లాగబడుతుంది, ఆ ఊపు వేడిగా మారి అక్కడే అణిగిపోతుంది. మళ్లీ కణుపుతో కొడితే ఖంగుమనదు, చెక్కను తట్టినట్టు డబ్‌మంటుంది.

అంతా కప్పనక్కర్లేదు. రేకు ఎక్కువగా ఊగేది నడిమధ్యన. అక్కడ పాతిక శాతం మేర సరిగ్గా అంటితేనే ఖంగు చాలావరకు పోతుంది. నేను డోర్లలో సగం దాకా వేస్తాను, అంతకుమించి వేసే షీటుకు ఖర్చే తప్ప ఫలితం తక్కువ. ముఖ్యమైంది అంటించే తీరు. రోలర్‌తో గట్టిగా రుద్ది, షీటు మీద అచ్చులు చదునయ్యేదాకా నొక్కాలి. కింద గాలి బుడగ మిగిలితే ఆ మేరకు షీటు వేయనట్టే.

బ్యూటైల్, తారు షీటు, ఫోమ్. ఏది కొనాలి?

తారు షీటు చవక. కానీ మన మే నెల ఎండలో మూసి నిలబెట్టిన కారు రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. అప్పుడు తారు మెత్తబడి వాసన వేస్తుంది, నిలువు రేకు మీద జారుతుంది కూడా. రెండు మిల్లీమీటర్ల బ్యూటైల్ తీసుకోండి. పైన ఉండే అల్యూమినియం పొర గోటితో గీస్తే చిరిగేంత పలుచగా ఉంటే వద్దు. ఆ పొర గట్టిగా ఉంటేనే రబ్బరు సాగుతుంది.

ఫోమ్ పని వేరు. తడి పీల్చని క్లోజ్డ్ సెల్ ఫోమ్‌ను ప్లాస్టిక్‌కూ రేకుకూ మధ్య మెత్తగా వేస్తే అవి కొట్టుకోవు, వేడి కూడా కొంత ఆగుతుంది. గుడ్ల అట్టలా గుంటలుండే స్పాంజి మాత్రం డోరులో పెట్టకండి. వానకు నీళ్లు పీల్చి, మన ఉక్కపోతలో ఆరదు, పాచివాసన వచ్చి రేకు తుప్పు పడుతుంది. జనపనార ఫెల్ట్‌కూ ఇదే మాట.

గాల్లోంచి వచ్చే మోతను ఆపడానికి బరువైన వినైల్ పొర అని ఇంకొకటి ఉంది. చదరపు మీటరు ఐదు కిలోల దాకా తూగుతుంది. ఫ్లోరు మీద ఫోమ్ పరిచి, దాని మీద సందు లేకుండా వేస్తే పనిచేస్తుంది. అక్కడక్కడా ముక్కలు వేస్తే దండగ.

డోర్లు చేయించాక వానలో లోపల నీళ్ల చప్పుడు వస్తోంది. ఎందుకు?

ఇది నాకే జరిగింది. మొదటిసారి నాలుగు డోర్లూ ఒక షాపులో చేయించాను. ఆ తర్వాత వచ్చిన వానల్లో బ్రేకు వేసినప్పుడల్లా ఎడమ ముందు డోరులో బిందెలో నీళ్లు కదిలినట్టు బుడబుడమనేది. డోర్ ప్యాడ్ విప్పి టార్చి వేస్తే అడుగున అద్దం అంచుదాకా గోధుమరంగు నీళ్లు. డోరు కింది అంచున నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి, వాటి మీదుగా షీటు అంటించేశారు. బ్లేడుతో కోయగానే నీళ్లు ధారగా కారాయి. అప్పటికే మూలన తుప్పు ముఖం చూపించింది. ఆ రోజు చాలా బాధపడ్డాను, కష్టపడి కూడబెట్టి కొనుక్కున్న కారు అది.

అద్దం దిగే సందులోంచి ప్రతి డోరులోకీ నీళ్లు వెళ్తాయి, వెళ్లడం మామూలే. అవి బయటికి పోయే దారి మూయకూడదు. అడుగున రెండు మూడంగుళాలు వదిలి పైన మాత్రమే షీటు వేయాలి. డోర్ ప్యాడ్ వెనకాల ఉండే ప్లాస్టిక్ కాగితాన్ని కూడా చించి పారేయకండి. డోరులోకి వచ్చిన నీళ్లు సీట్ల కింది కార్పెట్‌కు చేరకుండా ఆపేది అదే. తీశాక మళ్లీ అంచులన్నీ అతుక్కునేలా పెట్టాలి. చివరగా అద్దం పూర్తిగా దింపి, ఎత్తి, షీటుకు ఎక్కడా తగలడం లేదని చూశాకే ప్యాడ్ బిగించండి.

సముద్రపు గాలికి షీట్ల కింద తుప్పు పట్టదా?

శుభ్రమైన రేకు మీద సరిగ్గా అతికిన బ్యూటైల్ కిందికి తడి చేరదు. ఉన్న తుప్పు మీదే అంటిస్తే మాత్రం లోపల్లోపల తింటుంది. బీచ్ రోడ్డు వైపు, భీమిలి వైపు కాపురముండేవాళ్లు ముందు తుప్పు గీకించి ప్రైమర్ వేయించాలి. వన్‌టౌన్ వైపు తిరిగే కారు డోరు లోపల తెల్లబట్ట పెట్టి తుడిస్తే బట్ట నల్లగా వస్తుంది. ఆ ధూళి మీద ఏ జిగురూ నిలవదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, బట్టకు మురికి అంటనంతవరకు తుడవాలి. పెట్రోలు వాడితే జిడ్డు మిగులుతుంది, థిన్నర్ రంగును పాడుచేస్తుంది. ముసురు పట్టిన రోజున ఈ పని పెట్టుకోవద్దు. రేకు మీద చెమ్మ కంటికి కనిపించదు.

ముందు ఎక్కడ వేయించాలి? బరువు పెరిగి మైలేజీ పడిపోదా?

డోర్లతో మొదలుపెట్టండి. చప్పుడు తగ్గడమే కాదు, స్పీకర్ల శబ్దం కూడా నిండుగా వస్తుంది. ఆ తర్వాత వెనక చక్రాల పైభాగం, డిక్కీ అడుగు. హ్యాచ్‌బ్యాక్‌లలో వెనక నుంచి వచ్చే హోరుకు ఇదే పెద్ద దారి, నా కారులో నాకు తేడా తెలిసింది ఇక్కడే. ఫ్లోరు మూడోది. దానికి సీట్లు విప్పాలి.

ఒక డోరు బయటి రేకు అర చదరపు మీటరు అటూఇటూ ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల బ్యూటైల్ చదరపు మీటరుకు సుమారు 3 కిలోలు. కావలసిన చోటే వేస్తే కారు మొత్తానికి పది, పదిహేను కిలోలు దాటదు. మైలేజీ గురించి టెన్షన్ అక్కర్లేదు.

వాన పడితే రూఫ్ మీద రేకుల షెడ్డులా మోగుతోంది.

రూఫ్ రేకు మధ్యలో బ్యూటైల్ వేస్తే ఆ మోత చాలా తగ్గుతుంది, దాని మీద ఫోమ్ వేస్తే ఎండ వేడి కూడా. కానీ రూఫ్ లైనింగ్ దింపడం తేలిక పని కాదు, మడత పడితే ఆ గీత జీవితాంతం ఉంటుంది. అంచుల వెంట కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కార్లలో ఇంకా జాగ్రత్త. అనుభవమున్నవాళ్లకే ఇవ్వండి.

నేనే ఇంట్లో చేసుకోవచ్చా?

డోర్లు, డిక్కీ నిరభ్యంతరంగా చేసుకోవచ్చు. ప్లాస్టిక్ ట్రిమ్ టూల్స్, రోలర్, చేతి తొడుగులు, పదునైన కట్టర్ చాలు. అల్యూమినియం అంచు వేలిని బ్లేడులా కోస్తుంది, తొడుగులు మరవకండి. డోర్ ప్యాడ్ క్లిప్పులు విరుగుతాయి, మొదలుపెట్టే ముందే మీ మోడల్‌వి పది కొని పెట్టుకోండి. విరిగిన క్లిప్పుతో బిగిస్తే రేపటి లొడలొడ అదే. నా చేత్తో చేసిన మొదటి డోరుకు పూట పట్టింది, నాలుగోది గంటన్నరలో అయిపోయింది.

సీట్లు విప్పాల్సి వస్తే ముందు బ్యాటరీ నెగటివ్ తీసి పది నిమిషాలు ఆగండి. సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, సీటు బెల్టువి. అవి ఊడదీసి ఇగ్నిషన్ వేస్తే వార్నింగ్ లైటు వెలిగి ఉండిపోతుంది. వాటితో పరిచయం లేకపోతే ఫ్లోరు పని షాపుకే వదిలేయండి.

షాపులో ఏం అడగాలి?

షీటు మందం ఎంత, ఒక్కో డోరుకు ఎన్ని షీట్లు, ఆల్కహాల్‌తో తుడుస్తారా, రోలర్ వాడతారా. డోర్ ప్యాడ్ బిగించేముందు మిమ్మల్ని పిలిచి చూపించమనండి, కింది రంధ్రాలు తెరిచే ఉన్నాయా అని మీ కళ్లతో చూసుకోండి. ఒప్పుకోని షాపులో కారు వదలకండి. వైర్లు కోసే పని ఏదీ ఇందులో లేదు, కోస్తామంటే వారంటీకి చిక్కు.

అండర్‌బాడీ కోటింగ్‌తో హోరు పోతుందా?

రాళ్లు ఎగిరి తగిలే చప్పుడు తగ్గుతుంది, హోరు మీద ప్రభావం కొద్దిగానే. అది ప్రధానంగా తుప్పుకు మందు. మన ఊరికి ఆ కారణంగానే మంచిది. సైలెన్సర్, బ్రేకులు, రబ్బరు బుష్‌ల మీద పడనివ్వకండి.

ఎలక్ట్రిక్ కారు కొన్నాం. నిశ్శబ్దంగా ఉంటుందనుకుంటే టైర్ల మోత ఇంకా ఎక్కువ వినిపిస్తోంది.

మోత పెరగలేదు, దాన్ని కప్పే ఇంజిన్ శబ్దం పోయింది. వెనక చక్రాల పైభాగం, డిక్కీ, డోర్లు చేయిస్తే బాగుంటుంది. నారింజ రంగు కేబుళ్ల జోలికి మాత్రం ఎవరినీ వెళ్లనివ్వకండి, అవి హై వోల్టేజీవి.

మొత్తం మీద ఎంత తగ్గుతుంది?

ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ వేసుకుని, ఒకే రోడ్డు మీద, ఒకే వేగంలో, ఏసీ ఆపి, పనికి ముందూ తర్వాతా కొలవండి. కొమ్మాది నుంచి ఆనందపురం వైపు జాతీయ రహదారి దీనికి బాగుంటుంది. రెండు నుంచి నాలుగు డెసిబెల్స్ తగ్గితే మంచి పని జరిగినట్టు. అంకె చిన్నదే, కానీ మిగిలిన శబ్దంలో కరుకుదనం పోతుంది, అది యాప్ చూపించదు. పని పూర్తయ్యాక అమ్మను సింహాచలం తీసుకెళ్లాను. ఘాట్ ఎక్కుతుండగా వెనక సీట్లోంచి, “ప్రసాదం కౌంటర్ దగ్గర రద్దీ ఉంటుందేమోరా” అంది. వినపడింది, జవాబు చెప్పాను.

బానెట్ కింద కూడా అవే షీట్లు వేయవచ్చా?

ఇంజిన్ వేడిని తట్టుకుంటుందని, మంట అంటుకోదని స్పష్టంగా రాసి ఉన్నవి తప్ప వేయకండి. కంపెనీ ఇచ్చిన లైనింగ్ చిరిగి ఉంటే అలాంటిదే కొత్తది తెచ్చి క్లిప్పులతో బిగించుకోవడం మంచిది.